వైద్యవ్యయం: పొదుపు ఎవరిది?

వైద్యం మీద పెరిగిపోతున్న ఖర్చును అదుపులో పెట్టాలని ఏ ప్రభుత్వం ప్రయత్నించినా ఒక మాట దగ్గర చర్చ పక్కదారి పడుతూ ఉంటుంది. ఆ మాట "ఖర్చు". ఎవరి ఖర్చు? ఖజానా ఖర్చా, రోగి ఖర్చా, మొత్తం సమాజం ఖర్చా? ఈ మూడూ ఒకటి కావు. ప్రభుత్వాసుపత్రిలో మందులివ్వటం మానేస్తే ఖజానాకు ఖర్చు తగ్గుతుంది. రోగి ఆ మందునే బజార్లో అంతకన్న ఎక్కువ ధర పెట్టి కొంటాడు గనక సమాజానికి ఖర్చు పెరుగుతుంది. బడ్జెట్టు ప్రసంగంలో మాత్రం దాని పేరు పొదుపు.

అంతేకాదు. వైద్యానికి ఖర్చయ్యే ప్రతి రూపాయీ ఎవరికో ఒకరికి ఆదాయం. డాక్టరుకో, నర్సుకో, మందుల కంపెనీకో, ఆసుపత్రిలో వాటాలున్నవాడికో అది చేరుతుంది. కాబట్టి ఖర్చు తగ్గించటమంటే ఎవరి ఆదాయాన్నో తగ్గించటం, లేదా ఎవరికో అందే వైద్యాన్ని తగ్గించటం. వృథాను అరికడితే చాలునని కొందరంటారు. వృథా కూడా ఎవరికో ఆదాయమే గనక అది అంత సులభంగా పోదు. ఈ రెంటిలో దేన్ని తగ్గించాలన్నది లెక్కలు తేల్చే విషయం కాదు. అది నీతికి సంబంధించిన ప్రశ్న. ఇంకా సూటిగా చెప్పాలంటే, ఏ వర్గం పక్షాన నిలబడి లెక్క వేస్తున్నామన్న ప్రశ్న.

రోగి చేత కొంత కట్టించాలనే వాదం ఈ చర్చలో ఎప్పుడూ ముందు వరసలో ఉంటుంది. ఉచితంగా ఇస్తే విలువ తెలియదు, అవసరం లేకపోయినా ఎగబడతారు, కొద్దిగానైనా చేతి డబ్బు పడితే ఆచితూచి వస్తారు అన్నది ఆ వాదం. మన మధ్యతరగతివారు దీన్నే మరింత నాటుగా, ఊరికే వస్తే ఫినాయిలైనా తాగుతారంటారు. ఆ మాట అనేవారు తమ ఆఫీసు ఇచ్చే వైద్య సదుపాయాన్ని గురించి అట్లా అనగా నేను వినలేదు. అయినా ఒక వాదం ఎవరి నోట వచ్చిందో చూసి దాన్ని తోసిపుచ్చటం విమర్శ అనిపించుకోదు. దాని బలమెంతో చూడాలి. చూడటానికి బ్రిటన్‌లో 1951లో జరిగిన వివాదాన్ని మించిన సందర్భం నాకు కనిపించదు. అక్కడ పోట్లాడుకున్న ఉభయపక్షాలూ సోషలిస్టులమని చెప్పుకున్నవే, ఒకే మంత్రివర్గంలో కూర్చున్నవే. అందువల్ల స్వార్థం ముసుగు వేసుకున్న వాదాలు పక్కకు తప్పుకుని అసలు ప్రశ్న తేటగా పైకి వచ్చింది.

1948 జూలై 5న బ్రిటన్‌లో జాతీయ ఆరోగ్య సర్వీసు ప్రారంభమయింది. దాన్ని నిర్మించిన ఆరోగ్యమంత్రి అన్యూరిన్ బెవాన్ వేల్సు దేశపు బొగ్గుగని కార్మికుడి కొడుకు; చిన్నతనంలోనే తానూ గనిలోకి దిగినవాడు. వైద్యం కావలసినవాడు డబ్బు ఊసు లేకుండా డాక్టరు దగ్గిరికి వెళ్ళాలి, ఖర్చు ప్రధానంగా పన్నుల ఆదాయం నుంచి రావాలి అన్నది ఆ సర్వీసుకు మూలసూత్రం. మొదటి ఏడాదే అంచనాలు తలకిందులయాయి. 85 లక్షల మంది పళ్ళ వైద్యం చేయించుకున్నారు. 52 లక్షల జతలకు పైగా కళ్ళజోళ్ళు పంపిణీ అయాయి. పత్రికలు గగ్గోలు పెట్టాయి. ఉచితమనేసరికి జనం ఎగబడుతున్నారన్నాయి.

ఈ అంకెలను మరొక విధంగా కూడా చదవవచ్చు. అంతకు ముందున్న 1911 నాటి బీమా పథకం పని చేసే కార్మికుడికే వర్తించేది. అతని భార్యకూ పిల్లలకూ వర్తించేది కాదు. చూపు తగ్గినవాళ్ళు చవక దుకాణాల్లో బల్లమీద పరిచిన కళ్ళజోళ్ళను ఒక్కొక్కటే పెట్టి చూసుకుని ఏదో ఒకదానితో సరిపెట్టుకునేవారు. ఇక పళ్ళ సంగతి వింటే ఒళ్ళు జలదరిస్తుంది. కొన్ని పారిశ్రామిక ప్రాంతాల్లో పెళ్ళికి ముందే ఆడపిల్ల పళ్ళన్నీ పీకించి కట్టుడు పళ్ళు పెట్టించేవారు. కాబోయే భర్తకు ఆమె పళ్ళ వైద్యం తాలూకు ఖర్చు జీవితాంతం తప్పించటం దాని ఉద్దేశం. అది పెళ్ళికానుక కిందే లెక్క. ఇదీ వైద్యవ్యయ నియంత్రణే! ప్రభుత్వం ఏమీ చెయ్యనప్పుడు పేదవాడు తన ఇంట్లో చేసుకునే నియంత్రణ ఈ రూపంలో ఉంటుంది. ఏ బడ్జెట్టులోనూ కనిపించదు గనక దీన్ని ఎవరూ ఖర్చనలేదు, పొదుపనీ అనలేదు.

అట్లాంటి సమాజంలో మసకచూపుతో ఇరవై ఏళ్ళు గడిపిన మనిషి మొదటిసారి సరయిన కళ్ళజోడు అడగటానికి వస్తే, దాన్ని "గిరాకీ హద్దు మీరింది" అని రాసుకోవటం ఎంతవరకు సబబు? తరాల తరబడి పేరుకుపోయిన అవసరం అది. తీరిన కొద్దీ రద్దీ తగ్గటం మొదలుపెట్టింది కూడాను. అయితే బెవాన్ ఈ విషయంలో అమాయకుడేమీ కాదు. బ్రిటిషు ప్రజల గొంతుల్లోకి మందులు ధారలు కడుతున్నాయని 1949లో తానే విసుక్కున్నాడు. మందుచీటీకి ఒక షిల్లింగు దాకా వసూలు చేసే అధికారం ప్రభుత్వానికి ఇస్తూ ఆ ఏడు చేసిన చట్టానికి తలవొగ్గాడు. ఆ షిల్లింగును అమలుకు రానివ్వకుండా మాత్రం ఆపగలిగాడు.

ఇంతలో 1950 జూన్‌లో కొరియా యుద్ధం వచ్చింది. 1951 జనవరిలో బ్రిటిషు ప్రభుత్వం మూడేళ్ళకు 470 కోట్ల పౌండ్ల ఆయుధ కార్యక్రమం ప్రకటించింది. ఏప్రిల్ 10న ఆర్థికమంత్రి హ్యూ గైట్‌స్కెల్ ప్రవేశపెట్టిన బడ్జెట్టులో కట్టుడు పళ్ళకూ కళ్ళజోళ్ళకూ సగం ధర రోగులే పెట్టుకోవాలన్న ప్రతిపాదన ఉంది. దానివల్ల ఆ ఏడు మిగిలేది 1 కోటీ 30 లక్షల పౌండ్లు. ఆయుధాలకు సగటున ఏడాదికి అయ్యే ఖర్చులో ఇది నూటికి ఒక వంతు కూడా కాదు. అప్పటికి కార్మికమంత్రిగా ఉన్న బెవాన్ అదే నెలలో రాజీనామా చేశాడు. ఆయనతోపాటు హెరాల్డ్ విల్సన్, జాన్ ఫ్రీమన్ కూడా బయటికి వచ్చారు. అక్టోబరు ఎన్నికల్లో లేబర్ పార్టీ అధికారం పోగొట్టుకున్నది.

గైట్‌స్కెల్ వాదాన్ని వామపక్ష రచయితలు ఎగతాళి చేసి వదిలేస్తూ వచ్చారు. అది తగదు. ఆయన చెప్పింది ఇది: ఏ సర్వీసుకైనా మొత్తం మీద ఒక హద్దుండాలి, హద్దు పెట్టక తప్పనప్పుడు ఆపరేషన్లనూ క్షయరోగుల పడకలనూ ముట్టుకోకుండా, ప్రాణాపాయం లేని కళ్ళజోడు దగ్గరా కట్టుడు పళ్ళ దగ్గరా ఆగటమే మేలు, నిరుపేదలకు సహాయం ఉండనే ఉంది. ఆయన రోగుల మీదే పడ్డాడనటానికి కూడా వీల్లేదు. అదే బడ్జెట్టులో ఆదాయపు పన్నూ పెంచాడు.

మరి బెవాన్ ఎందుకు ఒప్పుకోలేదు? తనను కాదని తనకన్న చిన్నవాడికి ఆర్థికశాఖ ఇచ్చారన్న కడుపుమంట అందులో ఉన్నదని చరిత్రకారులు రాశారు. ఉండవచ్చు. మనిషి మనసులో ఏమున్నదన్నదానికీ అతని వాదం నిలుస్తుందా లేదా అన్నదానికీ సంబంధం లేదు. బెవాన్ రెండు సంగతులు చెప్పాడు. ఒకటి: ముడిసరుకులు దొరకని పరిస్థితిలో ఆ ఆయుధాల డబ్బు ఆ గడువులో ఖర్చు పెట్టటమే సాధ్యం కాదు, కనక ఈ కోత అనవసరం. ఇది నిజమయింది. ఎన్నికల తరవాత ప్రధాని అయిన చర్చిల్ ఆ కార్యక్రమం గడువులో పూర్తి కాదని పార్లమెంటులో ఒప్పుకుంటూ, ఆ మాట ముందుగా అన్న ఘనత బెవాన్‌కు దక్కుతుందని కూడా చెప్పవలసి వచ్చింది. రెండోది: ఒక చోట గండి పడితే అది అక్కడితో ఆగదు. ఇదీ నిజమే అయింది. 1952 జూన్ నుంచి కన్సర్వేటివులు మందుచీటీకి షిల్లింగూ, పళ్ళ వైద్యానికి పౌనూ వసూలు చెయ్యటం మొదలుపెట్టారు. మందుచీటీ రుసుముకు చట్టం లేబర్ ప్రభుత్వం చేసి పెట్టినదే.

కాని బెవాన్ వాదానికి అసలు బలం ఈ రెంటిలో లేదనుకుంటాను. అది ఎవరి మీద భారం పడుతున్నదన్న ప్రశ్నలో ఉన్నది. ఆయుధాలు దేశ రక్షణకోసమైతే దేశమంతా వాటి బరువు మొయ్యాలి. ఆదాయపు పన్ను అట్లాంటి బరువు: ఉన్నవాడి మీద ఎక్కువగా, లేనివాడి మీద తక్కువగా పడుతుంది. కళ్ళజోడు మీద సగం ధర అట్లాంటిది కాదు. చూపు బాగున్న సంపన్నుడి మీద అది పడనే పడదు. చూపు తగ్గిన కంపోజిటరు మీద పడుతుంది. పేరుకు రుసుమే అయినా అది జబ్బు మీద వేసిన పన్ను. పన్నులు వేసేటప్పుడు మనిషి స్తోమతు చూడాలని ఒప్పుకున్నవాళ్ళే, వైద్యం దగ్గిరికి వచ్చేసరికి మనిషి దురదృష్టాన్ని చూసి పన్ను వెయ్యవచ్చునంటున్నారు. మన పల్లెల్లో గోరుచుట్టు మీద రోకటిపోటు అనేది దీన్నే.

ఈ గొడవకు ఒక ముగింపు లాంటిది ఉంది. దాన్ని గురించి మన వాళ్ళకు అంతగా తెలియదు. సర్వీసు ఖర్చు అదుపు తప్పిందని నమ్మిన కన్సర్వేటివు ప్రభుత్వం 1953లో క్లాడ్ గిల్‌బో అనే కేంబ్రిడ్జి ఆర్థికశాస్త్రజ్ఞుడి అధ్యక్షతన విచారణ సంఘం వేసింది. కోతలు సిఫారసు చేస్తుందని ఆశ. ఆ సంఘంకోసం లెక్కలు తీసిన పరిశోధకులు బ్రయాన్ ఏబెల్-స్మిత్, రిచర్డ్ టిట్మస్. వాళ్ళు ధరల పెరుగుదలనూ జాతీయాదాయాన్నీ పక్కన పెట్టి చూసేసరికి కథ అడ్డం తిరిగింది. 1949-50లో జాతీయాదాయంలో 3.75 శాతంగా ఉన్న సర్వీసు ఖర్చు 1953-54 నాటికి 3.25 శాతానికి తగ్గింది! దుబారా జరుగుతున్నదని అందరూ గోలపెట్టిన ఏళ్ళలోనే అది తగ్గుతూ వచ్చింది. ఆసుపత్రుల నిర్మాణానికి పెట్టే డబ్బయితే యుద్ధానికి ముందు పెట్టినంత కూడా లేదు. 1956లో నివేదిక వెలువడింది. అప్పటికి రుసుములు స్థిరపడిపోయాయి. లెక్కలు ఓడినా అలవాటు గెలిచింది.

తరవాతి కథ ఇంకా విచిత్రం. 1965లో లేబర్ ప్రభుత్వం మందుచీటీ రుసుము రద్దు చేసింది. 1968లో అదే ప్రభుత్వం మళ్ళీ పెట్టింది. అప్పటి ప్రధాని ఎవరనుకున్నారు? 1951లో బెవాన్ వెంట రాజీనామా చేసిన హెరాల్డ్ విల్సన్. ఈసారి పిల్లలకూ ముసలివాళ్ళకూ గర్భిణులకూ కొన్ని దీర్ఘరోగాలవారికీ మినహాయింపులిచ్చారు. ఇంగ్లండులో 2024 మే నుంచి ఆ రుసుము ఒక్కొక్క మందుకు 9.90 పౌండ్లయింది, కాని అక్కడ ఇచ్చే మందుల్లో పదింట దాదాపు తొమ్మిది మినహాయింపుల కిందే పోతున్నాయి. రోగి రుసుముతో వచ్చిన చిక్కే అది. పేదవాడికి మినహాయింపు ఇస్తే డబ్బు రాలదు, ఇవ్వకపోతే వైద్యం అందదు. వేల్సు 2007లోనూ, స్కాట్లండు 2011లోనూ దాన్ని పూర్తిగా ఎత్తేశాయి.

ఇక సిద్ధాంతం సంగతి. రోగి చేతి డబ్బు పడకపోతే వృథా పెరుగుతుందన్నదానికి బీమా వ్యాపారులు పెట్టిన పేరు "మోరల్ హజార్డ్". ఇల్లు భీమా చేసినవాడు నిప్పు విషయంలో అశ్రద్ధ చేస్తాడేమోనన్న భయంలో పుట్టిన మాట అది. పేరులో నీతి ఉన్నది గాని, 1968లో మార్క్ పౌలీ అనే అమెరికన్ ఆర్థికశాస్త్రజ్ఞుడు దీనికీ నీతికీ సంబంధం లేదని, ధర తగ్గితే ఎక్కువ కొనటం మామూలు హేతుబద్ధ ప్రవర్తనేనని వాదించాడు. ఈ వాదం ఒక అబద్ధపు పోలిక మీద నిలబడింది. నారింజపండు ధర తగ్గితే రెండు ఎక్కువ తింటాను. కడుపుకోత ధర తగ్గితే రెండుసార్లు చేయించుకోను. అంతకు ఐదేళ్ళ ముందే, 1963లో, కెనెత్ ఆరో ఈ తేడా ఎత్తి చూపాడు. వైద్యంలో కొనేవాడికి తాను కొంటున్నదేమిటో తెలియదు, అమ్మేవాడి మాట నమ్మటం తప్ప అతనికి మరొక గతి లేదు, అందువల్ల ఇది మామూలు బజారు కాదన్నాడు. ఆరో సోషలిస్టు ప్రచారకుడేమీ కాదు. తరవాత నోబెల్ బహుమతి పొందిన ఆర్థికశాస్త్రజ్ఞుడు.

ఊహలతో తేలని సంగతిని తేల్చటానికి అమెరికాలో రాండ్ సంస్థ 1970లలో ఒక పెద్ద ప్రయోగం చేసింది. రెండు వేలకు పైగా కుటుంబాలను తీసుకుని, లాటరీ వేసినట్టుగా కొందరికి పూర్తిగా ఉచిత వైద్యమిచ్చింది, కొందరికి రకరకాల మోతాదుల్లో చేతి ఖర్చు పెట్టింది. చేతి ఖర్చు ఉన్నవాళ్ళు వైద్యం తక్కువగా వాడారు. సగటు మనిషి ఆరోగ్యంలో దానివల్ల పెద్ద తేడా కనపడలేదు కూడా. ఇంతవరకూ గైట్‌స్కెల్ పక్షంవారు సంతోషించవచ్చు. ఈ ఫలితాన్ని దాచటం మనకు న్యాయం కాదు. కాని ఆ ప్రయోగమే మరి రెండు సంగతులు బయటపెట్టింది. చేతి ఖర్చుకు భయపడ్డవాళ్ళు అనవసరమైన వైద్యాన్ని ఎంత మానుకున్నారో, అవసరమైన వైద్యాన్నీ దాదాపు అంతే మానుకున్నారు. పేదలై, రక్తపోటు ఉన్నవాళ్ళ విషయంలో ఉచిత వైద్యం పొందినవారి రక్తపోటు మెరుగ్గా అదుపులోకి వచ్చింది; చావు ముప్పు సుమారు పది శాతం తక్కువని పరిశోధకులు అంచనా కట్టారు.

ఇది ఎట్లా జరుగుతుందో ఊహించటం కష్టం కాదు. పంటి నొప్పి మనిషిని కుదురుగా ఉండనివ్వదు, అప్పు చేసయినా వెళతాడు. రక్తపోటు నొప్పి పెట్టదు. నొప్పి పెట్టనిదానికి డబ్బు పెట్టటం, రోజు కూలి పోగొట్టుకోవటం పేదవాడికి వృథాగా కనిపిస్తుంది. సగటు తీసినప్పుడు ఈ మనిషి కనిపించడు. రోగి చేతి డబ్బు అవసరాన్నీ అనవసరాన్నీ వడగట్టే జల్లెడ కాదన్నమాట. అది జేబు బరువును బట్టి మనుషులను వడగడుతుంది.

అసలు వృథాను నిర్ణయించేది రోగి కాదు. ఏ పరీక్ష చేయించాలి, ఏ మందు రాయాలి, ఎప్పుడు కోయాలి అనేవి డాక్టరూ అతని వెనకనున్న ఆసుపత్రీ నిర్ణయిస్తారు. 2023 ఏప్రిల్‌లో మన సుప్రీంకోర్టు ఒక తీర్పు చెప్పింది. బీహారు, రాజస్థాను, ఛత్తీస్‌గఢ్‌లలో పేద స్త్రీలకు అవసరం లేకుండానే గర్భసంచులు తొలగించిన వ్యవహారం అది. ప్రభుత్వ బీమా డబ్బుకోసం ఆసుపత్రులు అట్లా చేశాయన్నది ఆరోపణ. మన ఆరోగ్యశ్రీలో కూడా తొలి ఏళ్ళలోనే ఇట్లాంటి ఫిర్యాదులు వచ్చి, ఆ ఆపరేషన్లను ప్రభుత్వాసుపత్రులకు పరిమితం చెయ్యవలసి వచ్చింది. ఊరికే చేస్తున్నారు గదా అని ఏ స్త్రీ అయినా గర్భసంచి తీయించుకుంటుందా? ఇక్కడ ప్రమాదమంతా అమ్మేవాడి వైపు ఉన్నది. అయినా "మోరల్ హజార్డ్" అన్న పేరు కొనేవాడికే అంటగట్టారు.

ఇంతవరకూ మనవాళ్ళు సులభంగానే ఒప్పుకుంటారు. ఇక ముందున్నదే ఇబ్బందికరమైన ప్రశ్న. రోగి చేత కట్టించవద్దన్నాం. లాభం మీద హద్దు పెట్టమన్నాం. ఇవన్నీ చేసిన మీదట కూడా అందరికీ అన్నీ అందించటానికి డబ్బు చాలకపోతే? చాలదు కూడా. ఒక రోగిని మూడు నెలలు ఎక్కువ బతికించే మందు ఖరీదుతో ఒక మండలంలో పిల్లలకందరికీ వైద్యం చేయవచ్చు అనే పరిస్థితి సోషలిస్టు రాజ్యంలోనూ వస్తుంది. "ప్రజల ప్రాణాలకు ఖరీదు కట్టరాదు" అనేది సభలో చప్పట్లకు పనికివస్తుంది గాని ఆసుపత్రి మందుల గదిలో పనికిరాదు. ఎవరో ఒకరు, ఎక్కడో ఒకచోట, లేదని చెప్పవలసి వస్తుంది. హద్దు ఉండాలన్నంతవరకు గైట్‌స్కెల్ చెప్పింది సరయినదే.

కనక మన ముందున్న ప్రశ్న హద్దు ఉండాలా వద్దా అన్నది కాదు. హద్దును ఎవరు గీస్తారు, దేన్ని బట్టి గీస్తారు, అందరూ చూస్తుండగా గీస్తారా చాటున గీస్తారా అన్నది. ఇంగ్లండులో 1999లో ఏర్పడిన "నైస్" అనే సంస్థ బాహాటంగా ఈ పని చెయ్యటానికి పూనుకున్నది. కొత్త మందు ఏదైనా వస్తే, దానివల్ల రోగికి దక్కే ఆరోగ్యకరమైన జీవితం ఏడాదికి ఎంత ఖరీదు పడుతున్నదో లెక్కకట్టి, చాలా ఏళ్ళపాటు ఇరవై, ముప్ఫై వేల పౌండ్ల మధ్య గీత గీసింది. ఆ గీత సరిగ్గా అక్కడే ఎందుకుండాలో ఎవరూ తృప్తికరంగా చెప్పలేదు. 2006లో మతిమరుపు జబ్బు మందులను తొలిదశ రోగులకు ఇవ్వనవసరం లేదని ఆ సంస్థ అన్నప్పుడు రోగుల కుటుంబాలు వీధికెక్కాయి, వ్యవహారం కోర్టుకు వెళ్ళింది, 2011లో సంస్థ తన నిర్ణయం మార్చుకున్నది. దీన్ని ఆ పద్ధతి వైఫల్యమన్నారు. నాకు అందులో దాని నైతిక బలం కనిపిస్తుంది. లేదన్నవాడికి ఒక పేరూ చిరునామా ఉన్నాయి. అతను కారణం రాసి ఇచ్చాడు. ఆ కారణం మీద పోట్లాడవచ్చు. జేబు లేదన్నప్పుడు మనిషి ఏ కోర్టుకు వెళతాడు?

అమెరికాలో 2009లో జరిగిన చర్చలో ఈ తేడానే కావాలని మరుగుపరిచారు. అంత్యదశలో ఏ వైద్యం కావాలో రోగి డాక్టరుతో మాట్లాడుకునేందుకు అయ్యే ఫీజును ప్రభుత్వం చెల్లించాలన్న చిన్న క్లాజును పట్టుకుని, ప్రభుత్వం "మరణ మండలులు" పెడుతున్నదని రిపబ్లికన్లు ప్రచారం చేశారు. ఆ క్లాజు ఎగిరిపోయింది. వృద్ధుల వైద్యవ్యయం గీత దాటినప్పుడు కోతలు సూచించటానికి 2010 చట్టం పదిహేనుమందితో ఒక బోర్డు పెట్టింది. అందులో ఒక్క సభ్యుడినీ నియమించకుండానే 2018లో దాన్ని రద్దు చేశారు. ఆ చర్చ జరుగుతున్న నాటికి ఆ దేశంలో నాలుగున్నర కోట్ల మందికి ఏ బీమా లేదు. వాళ్ళ విషయంలో మండలి రోజూ సమావేశమవుతూనే ఉన్నది. దానికి సభ్యులు లేరు, నివేదికలు లేవు గనక అది ఎవరినీ భయపెట్టలేదు.

మన దేశానికి వద్దాం. డబ్బు ఇచ్చుకోలేని కారణాన ఎవరికీ వైద్యం నిరాకరించకూడదని భోర్ కమిటీ 1946లోనే రాసింది. బ్రిటిషు ఆరోగ్య సర్వీసు చట్టం చేసిన సంవత్సరం కూడా అదే. అక్కడది అమలయింది, ఇక్కడ గ్రంథాలయంలో మిగిలింది. కేంద్ర ప్రభుత్వపు లెక్కల ప్రకారమే 2013-14లో దేశంలోని మొత్తం వైద్యవ్యయంలో 64.2 శాతం రోగులు చేతి నుంచి పెట్టుకున్నది. 2021-22 నాటికి అది 39.4 శాతానికి తగ్గిందంటున్నారు. తగ్గిన లెక్క మీద పండితులకు సందేహాలున్నా, మన వాదానికి మొదటి అంకె చాలు. చేతి డబ్బు పెట్టటమే పొదుపు నేర్పే మాటయితే, ప్రపంచంలో ఇంత పొదుపుగా వైద్యం జరిగే దేశం మరొకటి ఉండకూడదు! ఇక్కడ రోగి పొలం అమ్మి వైద్యం కొన్నాడు. అమ్మేవాడు ధర పెంచుకుంటూనే పోయాడు.

2007లో అప్పటి ఆంధ్రప్రదేశ్‌లో మొదలైన ఆరోగ్యశ్రీ పెద్ద ఆపరేషన్ల భారం పేదల నెత్తిమీద నుంచి తీసిందన్నది కాదనరాని నిజం. దాన్ని చులకన చేసే వామపక్ష మిత్రులు గుండె ఆపరేషను అయిన ఇంటికి ఒకసారి వెళ్ళి రావాలి. అయితే గుండె కోతకు ప్రభుత్వం చెల్లిస్తుంది, ఆ కోత దాకా రాకుండా ఆపే రక్తపోటు మాత్ర ఆ పథకంలోకి రాదు. ప్రాథమిక ఆరోగ్య కేంద్రంలో మాత్రలున్న నెల సరే, లేని నెల కొనుక్కోవలసిందే. రాండ్ ప్రయోగంలో కనిపించిన మనిషే ఇక్కడా కనిపిస్తాడు.

ఖర్చును రెండో వైపు నుంచి, అంటే అమ్మేవాడి వైపు నుంచి, అదుపు చేసిన సందర్భం మనకు ఒకటి ఉన్నది. 2017 ఫిబ్రవరిలో ఔషధాల ధరల సంస్థ గుండె రక్తనాళాల్లో పెట్టే స్టెంట్లకు గరిష్ఠ ధర నిర్ణయించింది. మందుపూత ఉన్న స్టెంటు సగటు ధర అప్పటిదాకా లక్షా ఇరవై వేల పైచిలుకు. దాన్ని 29,600 రూపాయలు చేసింది. మామూలు స్టెంటును 45,000 నుంచి 7,260కి దించింది. ఖజానా నుంచి ఒక్క రూపాయి కూడా అదనంగా పోలేదు. రోగి చేత అదనంగా కట్టించలేదు. ఆ తేడా ఇంతకాలం ఎవరికి చేరుతున్నదో ఆ సంస్థే లెక్కలు ప్రకటించింది. అందులో పెద్ద వాటా ఆసుపత్రులదే. నాణ్యత పడిపోతుందని, కొత్త రకాలు దేశానికి రావని అప్పుడు వచ్చిన హెచ్చరికలను చదివినవారికి, ఒకరి ఖర్చు మరొకరి ఆదాయమన్న సంగతి వేరే చెప్పనవసరం లేదు.

కాని స్టెంటు ధర తగ్గినంతగా మొత్తం బిల్లు తగ్గలేదన్న ఫిర్యాదులు వెంటనే వచ్చాయి. ఆ సంస్థకు పరికరం మీద అధికారమున్నది గాని గది అద్దె మీద, ఆపరేషను గది చార్జీ మీద, డాక్టరు ఫీజు మీద లేదు. వాటికి 2010లో వైద్యసంస్థల చట్టం వచ్చింది. 2012లో చేసిన నియమాల ప్రకారం, కేంద్రం రాష్ట్రాలతో సంప్రదించి నిర్ణయించిన ధరల పరిధిలోనే ఆసుపత్రులు వసూలు చెయ్యాలి. పన్నెండేళ్ళ తరవాత కూడా ఆ ధరలు నిర్ణయం కాలేదు. 2024 ఫిబ్రవరిలో సుప్రీంకోర్టు అదేమని అడిగితే, రాష్ట్రాలు జవాబివ్వటం లేదని కేంద్రం చెప్పింది. ప్రతి రోగీ వేరు, ప్రతి ఆసుపత్రీ వేరు, అందరికీ ఒక ధర ఎట్లా కుదురుతుందని ప్రైవేటు ఆసుపత్రుల వాదం. ఆ ఆసుపత్రుల్లోనే చాలావాటిలో ఒకే ఆపరేషనుకు ఆరోగ్యశ్రీ రోగికి ఒక ధర ముందే నిర్ణయమై ఉంది, బీమా కంపెనీ పంపిన రోగికి మరొక ధర ముందే నిర్ణయమై ఉంది. ఇంట్లో బంగారం కుదువపెట్టి వచ్చిన రోగికి మాత్రం ధర నిర్ణయించటం అసాధ్యమట. ఈ మూడో ధర ఎట్లా కడుతున్నారో కాగితం మీద చూపించమని అడగటానికి ఏ రాష్ట్ర ప్రభుత్వానికీ కొత్త ఖర్చేమీ లేదు.